కాఫీ పొడికి ల్యాబ్ జల్లెడ: నాలుగు నెలలు వాడాక చెబుతున్నా

పొద్దున ఐదున్నరకి ఫిల్టర్‌లో వేడినీళ్లు పోసి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, స్నానం చేసి వచ్చి మూత తీస్తే పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి. కింద గిన్నెలో నాలుగు చెంచాల డికాక్షన్ కూడా దిగి ఉండదు. ఇక చెంచాతో ఫిల్టర్ని తట్టడం, పైగిన్నెని కాస్త ఎత్తి మళ్లీ దించడం, ఆఖరికి ఓపిక పోయి పొడి మీద ఆనించే లోపలి గొడుగుని పైకి లాగేయడం, లాగగానే బురదలాంటి నీళ్లు ఒక్కసారిగా కిందకి దిగిపోవడం. ఇంట్లో మిక్సీలోనే గింజలు పొడి చేసుకునేవాళ్లకి ఈ బాధ నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రోజు ప్రతి గ్లాసు అడుగునా మడ్డి ఉంటుంది, ఆఖరి రెండు గుక్కలు సింకులో పోయాల్సిందే.

మా ఇంట్లో ఏడాదికి పైగా ఇదే వరస. ఫిల్టర్ మార్చాను, స్టీలుది తీసేసి ఇత్తడిది కొన్నాను, పొడి తగ్గించాను, నీళ్లు తగ్గించాను. మిక్సీ తక్కువసేపు తిప్పి బరకగా చేసి చూశాను, అప్పుడేమో డికాక్షన్ గబగబా దిగిపోయి, పలచగా, కాస్త పుల్లగా ఉండేది, పాలు పోస్తే ఇంకేం మిగలదు. ఎక్కువసేపు తిప్పితే చేదు, పైగా ఫిల్టర్ జామ్. మధ్యలో ఎక్కడో సరైన చోటు ఉంటుందనుకుని రోజుకో రకంగా తిప్పుతూ పోయాను, ఆ చోటు దొరకలేదు. ఎందుకు దొరకలేదో జల్లెడ కొన్నాకే తెలిసింది. ఎంతసేపు తిప్పినా మిక్సీ ఇచ్చేది ఒక రకం పొడి కాదు, బరకదీ మెత్తదీ రెండూ కలిసిన పొడి.

నేను పనిచేసేది కట్టడాల మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్‌లో. ఇసుక వస్తే మేం మొదట చేసేది జల్లించడమే. 4.75 మిల్లీమీటర్ల జల్లెడ పైన, దాని కింద 2.36, 1.18, తర్వాత 600 మైక్రాన్లు, 300, 150, అన్నిటికీ అడుగున పొడి పట్టే చిల్లుల్లేని పాన్, పైన మూత. ఈ అంకెలు జల్లెడ కన్నాల సైజులు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఊపి, ఏ జల్లెడ మీద ఎన్ని గ్రాములు నిలిచిందో తూచి రాసుకుంటాం. దుమ్ము ఎక్కువున్న ఇసుకతో కాంక్రీటు కలిపితే నీళ్లు ఎక్కువ తాగుతుంది, పని చెడుతుంది. ఇన్నేళ్లుగా రోజూ ఈ పని చేస్తూ కూడా ఇంట్లో కాఫీ పొడిని ఆ కంటితో ఎప్పుడూ చూడలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు ల్యాబ్‌లో పాన్‌లో మిగిలిన దుమ్ముని దులుపుతుంటే తట్టింది, పొద్దున ఫిల్టర్ చిల్లుల్లో ఇరుక్కున్నది కూడా అచ్చం ఇలాంటిదే కదా అని.

ముందు ఆన్‌లైన్‌లో కాఫీ సిఫ్టర్ అని అమ్ముతున్నది ఒకటి తెప్పించాను. కంపెనీ పేరు చెప్పను. గుండ్రటి స్టీలు డబ్బా, మధ్యలో జాలీ. ఆ జాలీ కన్నం ఎంతో ఎక్కడా రాసి లేదు, 'ఫైన్' అని మాత్రం ఉంది. రెండు వారాలకే జాలీ అంచు ఒక పక్క ఊడి లేచింది, ఆ సందులోంచి బరకా మెత్తా అన్నీ కలిసి కిందకి జారిపోయేవి. వాపసు ఇద్దామంటే గడువు దాటింది. కెనడా వాళ్ల క్రూవ్ అనే సిఫ్టర్ ఒకటుంది, మైక్రాన్ల లెక్కన రకరకాల జాలీలతో వస్తుంది, కాఫీ మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఆ పేరు తెలిసే ఉంటుంది. దాన్ని బయటి నుంచి తెప్పించుకునేంత డబ్బు కాఫీ పొడి జల్లించడానికి పెట్టాలనిపించలేదు. మా ల్యాబ్‌కి కావాల్సినవి కొనే సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు వెళ్లి, అక్కడే కొత్త టెస్ట్ సీవ్‌లు, అంటే ల్యాబ్ జల్లెడలు రెండు, ఒక పాన్, ఒక మూత తీసుకున్నాను. అన్నీ కలిపి మూడు వేలకి కాస్త తక్కువ అయింది. ఒకసారి సిమెంటు, మట్టి జల్లించిన జల్లెడని ఎంత కడిగినా సరే తిండి వస్తువుకి వాడకండి, కొత్తదే కొనండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇవి ఇత్తడి చట్రంతోనూ వస్తాయి, స్టీలు చట్రంతోనూ వస్తాయి. ఇత్తడివి అందంగా ఉంటాయి, కొంచెం చవక కూడా. కానీ వాటిలో జాలీని చట్రానికి టంకం పెట్టి అతికిస్తారు. పొద్దున్నే తాగే కాఫీ పొడి ఆ టంకానికి రాసుకుంటూ పోవడం నాకు నచ్చలేదు, అందుకే చట్రం, జాలీ రెండూ స్టెయిన్‌లెస్ స్టీలుతో ఉన్నవే అడిగి తీసుకున్నాను. కన్నాల సైజు సరిగ్గా ఉందని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్నదానికి ధర ఎక్కువ, కాఫీకి అదేం అక్కర్లేదు, మామూలుది చాలు. ఇంటికి తెచ్చాక వేడినీళ్లలో సబ్బు వేసి రెండుసార్లు కడిగాను, జాలీకి తయారీలో అంటుకున్న నూనె వాసన ఉంది, అది పోయేదాకా ఎండలో పెట్టాను.

మొదటి రోజు అమ్మ చూసి, "ఏరా, సిమెంటు జల్లెడ ఇంటికి తెచ్చావా?" అంది. కాదమ్మా, కొత్తది, కాఫీ పొడికి అన్నాను. "కాఫీ పొడికి జల్లెడేంట్రా, పసుపూ కారం అయితే జల్లిస్తారు గానీ" అని పక్కనే నిలబడి చూసింది.

నేను మొదట కొన్నవి 600 మైక్రాన్లదీ, 300 మైక్రాన్లదీ. పైన 600, దాని కింద 300, అడుగున పాన్. 100 గ్రాముల గింజలు మిక్సీలో మామూలుగా ఎలా పొడి చేస్తానో అలాగే చేసి, మొత్తం పైజల్లెడలో పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలు ఊపాను. తర్వాత ఒక్కో జల్లెడ విప్పి కిచెన్ త్రాసు మీద తూచాను. 600 మీద నిలిచింది 33 గ్రాములు. అది పొడి అనడానికే లేదు, చిన్న ముక్కలు, ఇడ్లీరవ్వ కన్నా బరక. 600కీ 300కీ మధ్య నిలిచింది 36 గ్రాములు, ఇదే చూడ్డానికి బొంబాయి రవ్వలా, ఒకే తీరుగా, వేళ్ల మధ్య రాస్తే గరగరలాడుతూ ఉంది. ఇక పాన్‌లో 30 గ్రాములు. మిగతాది జాలీలకీ గోడలకీ అంటుకుని పోయింది. ఆ 30 గ్రాములు చూస్తే నాకు గుండె జారింది. మైదాలా మెత్తగా ఉంది, వేలితో నొక్కితే వేలి గీతలు కూడా అచ్చుపడ్డాయి, పాన్ గోడకి పొగ పట్టినట్టు సన్నగా అంటుకుంది. అంటే ఏడాదిగా నేను ఫిల్టర్‌లో వేస్తున్నదాంట్లో మూడో వంతు ముక్కలు, ఇంచుమించు ఇంకో మూడో వంతు పిండి. సరైన పొడి అనదగ్గది మిగిలిన మూడో వంతే.

ఇలాంటి పొడితో డికాక్షన్ ఎందుకు చెడుతుందో అన్నం వండేవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. బియ్యంలో సగం నూక కలిపి ఒకే గిన్నెలో వండితే నూక జావ అయిపోతుంది, గింజ ఇంకా పలుకుగానే ఉంటుంది. గింజ ఉడికేదాకా ఉంచితే మొత్తం ముద్ద. కాఫీ కూడా అంతే. మెత్తటి పొడిలోకి నీళ్లు వెంటనే దిగి, అందులో ఉన్న రుచంతా కాసేపటికే లాగేస్తాయి, ఆ తర్వాత ఇంకా నానుతుంటే దిగేది చేదూ వగరూ. ముక్కల్లోకి నీళ్లు లోపలిదాకా పోనే పోవు, వాటి నుంచి పైపైన పులుపు మాత్రం వస్తుంది. ఈ రెండూ ఒకే గ్లాసులో కలుస్తాయి కాబట్టి డికాక్షన్ చేదుగానూ ఉంటుంది, పలచగానూ ఉంటుంది. నాకు ఏడాదిగా అర్థం కానిది ఇదే, ఇంత చేదుగా ఉన్న డికాక్షన్ పాలలో పోయగానే ఎక్కడికి పోతోందని. దీనికి తోడు ఆ పిండంతా నీళ్లతో పాటు కిందకి జారి, ఫిల్టర్ చిల్లుల దగ్గర బంకమట్టిలా పొర కడుతుంది. అదే జామ్.

సరే, 300 మైక్రాన్ల కింద ఉన్నదంతా తీసేసి, మధ్యది మాత్రం ఫిల్టర్‌లో వేశాను. నీళ్లు పోసిన ఆరు నిమిషాలకి మొత్తం కిందకి దిగిపోయింది. నేను సంబరపడిపోయాను. పాలు కలిపి తాగితే సంబరం పోయింది. చేదు లేదు, మడ్డి లేదు, వాసన శుభ్రంగా, కమ్మగా ఉంది, కానీ చిక్కదనం లేదు. పాలది పైచేయి అయిపోయింది. అమ్మ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, "బాగానే ఉంది గానీ కాఫీ తాగినట్టు లేదురా" అంది. ఆ మాట నిజం.

ఇక్కడే జల్లించడం గురించి మనవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఉంది. మెత్తటి పొడి మొత్తం తీసేయమని చెప్పేవాళ్లు ఎక్కువగా పాలు లేకుండా, కాగితం ఫిల్టర్‌లో పలచగా వంచుకుని తాగే కాఫీ కోసం చెబుతారు. వాళ్లకి గ్లాసులో వెలుగు కనపడేంత తేటగా ఉండాలి. మన ఫిల్టర్ కాఫీ అది కాదు. చిక్కటి డికాక్షన్ కాస్త తీసుకుని, దానికి రెండింతలు, మూడింతలు పాలు పోస్తాం, ఆ పాలని దాటి కాఫీ రుచి నాలుకకి తగలాలి. ఆ చిక్కదనంలో మెత్తటి పొడికీ వాటా ఉంది, నీళ్లని కాసేపు ఆపి మెల్లగా దిగేలా చేసేదీ అదే. కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయకూడదు, మితిమీరింది మాత్రం తీసేయాలి.

మళ్లీ రాణిగంజ్ వెళ్లి 300 బదులు 212 మైక్రాన్లది కొన్నాను. ఇది సరిగ్గా సరిపోయింది. అదే మిక్సీ పొడి దీంట్లో జల్లిస్తే పాన్‌లోకి వచ్చేది 18 గ్రాములే. 600 మీద నిలిచిన ముక్కల్ని మళ్లీ మిక్సీలో వేసి, మూడుసార్లు తిప్పీ ఆపీ, తిప్పీ ఆపీ, ఇంకోసారి జల్లిస్తాను. రెండు విడతలూ అయ్యేసరికి 100 గ్రాములకి 75 దాకా మంచి పొడి, 23, 24 గ్రాములు పిండి తేలుతుంది. ఆ పిండిలో సగం తిరిగి మంచి పొడిలో కలిపేస్తాను. ఈ సగం అనే లెక్క నాకు ఒక్కరోజులో రాలేదు, రెండు వారాలు అసలు కలపకుండా, పావు వంతు కలిపి, సగం కలిపి, మొత్తం కలిపి, రోజుకో రకం చేసి నీళ్లు దిగే టైము రాసుకున్నాను. అసలు కలపకపోతే పన్నెండు నిమిషాలు, సగం కలిపితే ఇరవై నుంచి పాతిక నిమిషాలు, మొత్తం కలిపితే గంట దాటేది. ఇరవై నిమిషాల దగ్గర డికాక్షన్ రంగు, వాసన, చిక్కదనం మూడూ బాగున్నాయి. మీ ఫిల్టర్ వేరు, మీ గింజలు వేరు కాబట్టి మీకు ఈ సగం కాస్త అటూ ఇటూ అవుతుంది, గడియారం పక్కన పెట్టుకుని చూసుకోండి.

కొలతలు అడుగుతారని రాస్తున్నాను. చికోరీతో కలిపి 30 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్లు. పొడిని పైగిన్నెలో వేసి గిన్నెని ఒకసారి అటూ ఇటూ ఊపి సమం చేయాలి, గొడుగుతో గట్టిగా నొక్కకూడదు, ఊరికే పైన ఆనించాలి. మరిగిన నీళ్లు దించి అర నిమిషం ఆగి, ముందు పావు వంతు పోసి పొడి తడిసి ఉబ్బేదాకా ఒక నిమిషం ఆగి, మిగతాది మెల్లగా పోయాలి. పొడి తన బరువుకి రెండింతల నీళ్లు పీల్చుకుని ఉంచేసుకుంటుంది కాబట్టి 140 మిల్లీలీటర్ల దాకా డికాక్షన్ వస్తుంది. మా ముగ్గురికీ సరిపోతుంది. రెండో డికాక్షన్ నేను దించను, జల్లించిన పొడిలో మొదటిసారికే రావాల్సింది వచ్చేస్తుంది, రెండోసారి ఉత్త రంగునీళ్లే.

చికోరీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే జల్లెడ మీద పెట్టిన డబ్బు వృథా. కొట్లో దొరికే పొడి చాలావరకు చికోరీ కలిపినదే. నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలి. మామూలుగా 80:20, 70:30, 60:40 ఇలా దొరుకుతాయి. ఈ కలిపిన పొడిని జల్లెడలో పోశారనుకోండి, చికోరీ రేణువూ కాఫీ రేణువూ ఒకే సైజులో ఉండవు కాబట్టి ఒకటి పైన ఎక్కువ నిలుస్తుంది, ఇంకొకటి కిందకి ఎక్కువ జారుతుంది. 80:20 అని కొన్నది జల్లించాక ఏ పాళ్లలో మిగిలిందో చెప్పలేం. నేను మొదటి వారంలో ఒకసారి ఇలా చేశాను, ఆ రోజు డికాక్షన్ నల్లగా, బెల్లంపాకం వాసనతో వచ్చింది, అందులో కాఫీ వాసన వెతుక్కోవాల్సి వచ్చింది. చికోరీ అనేది వేయించి పొడి చేసిన ఒక వేరు, అది నీళ్లలో కాఫీ కన్నా తొందరగా కరుగుతుంది, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. కాబట్టి కాఫీ గింజలు విడిగా, చికోరీ విడిగా కొనండి, కాఫీని మాత్రమే జల్లించండి, ఫిల్టర్‌లో వేసే ముందు చికోరీ తూచి కలపండి. కాఫీ పొడి అమ్మే పాత కొట్లలో చికోరీ విడిగా అడిగితే ఇస్తారు. నేను 30 గ్రాముల్లో 4 గ్రాములే వేస్తాను. ఇంతకుముందు 9 గ్రాములు వేసేవాణ్ని. పొడి సరిగ్గా ఉంటే చిక్కదనం కోసం చికోరీ మీద అంతగా ఆధారపడక్కర్లేదని తెలిశాక మెల్లగా తగ్గించాను. నా మటుకు నాకు ఈ నాలుగు నెలల్లో దక్కిన పెద్ద లాభం ఇదే.

గింజలు రెండు రకాలు కలుపుతాను. సగం అరకు అరబికా, సగం చిక్కమగళూరు పీబెర్రీ. మామూలుగా కాఫీ పండులో రెండు బద్దలు ఉంటాయి, పీబెర్రీలో ఒకటే గుండ్రటి గింజ. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, అక్కడి గిరిజన రైతులు నీడ చెట్ల కింద పెంచే కాఫీ. ఇన్నాళ్లూ ఆ గింజల్లోని సన్నటి తీపిని నా మిక్సీ పిండి చేదుతో కప్పేస్తున్నానని జల్లించి తాగాకే తెలిసింది. పాలు పోయకుండా చెంచాతో డికాక్షన్ నాలుక మీద వేసుకుంటే, చేదు వెనకాల పండిన పండులాంటి ఒక తీపి తగులుతుంది. కొండ మీద అంత శ్రద్ధగా పండించి ఆరబెట్టిన గింజని ఇంటికి తెచ్చి పాడుచేసుకుంటున్నానని బాధ కలిగింది, నిజంగానే.

ఇక తేడా నాకు ఒక్కడికే అనిపిస్తోందా, అందరికీ తెలుస్తోందా అని చూడటానికి ఆరు రోజులు పరీక్ష పెట్టాను. ఒకే గింజలు, రెండు ఫిల్టర్లు, ఒకదాంట్లో జల్లించినది, ఇంకోదాంట్లో జల్లించనిది. గ్లాసుల అడుగున చిన్న స్టిక్కర్ అంటించి, ఏది ఏదో చెప్పకుండా అమ్మకీ మా ఆవిడకీ ఇచ్చాను. మిక్సీ పొడి విషయంలో ఆరు రోజులూ ఇద్దరూ జల్లించినదే బాగుందన్నారు. మా ఆవిడ అయితే మూడో రోజు తాగకుండానే వాసన చూసి, "ఇదేనండీ మీది" అని చూపించింది. తర్వాత మా బావమరిది బెంగళూరు నుంచి చేత్తో తిప్పే గ్రైండర్ ఒకటి తెచ్చి కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చాడు. అది మిక్సీలా బ్లేడుతో కొట్టదు, రెండు పళ్ల చక్రాల మధ్య గింజని నలుపుతుంది. దాని పొడి 100 గ్రాములు జల్లిస్తే 600 మీద 8 గ్రాములే నిలిచింది, పాన్‌లోకి 13, మిగతా 78 అంతా మధ్యలోనే. దాంతో కూడా ఇదే పరీక్ష చేశాను. పాలు కలిపిన కాఫీలో ఏది జల్లించినదో ఇద్దరూ సరిగ్గా చెప్పలేకపోయారు, ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకోటి. ఉత్త డికాక్షన్‌లో మాత్రం నాకు కొద్దిగా తేడా తెలిసింది.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మీ దగ్గర మంచి చక్రాల గ్రైండర్ ఉంటే ఈ జల్లెడ మీకు అక్కర్లేదు. కొట్లో మరపట్టించి తెచ్చుకునేవాళ్లకి కూడా పెద్దగా అక్కర్లేదు, అక్కడి మరలు మిక్సీ కన్నా ఎంతో సమంగా పడతాయి, మీరు ఫిల్టర్‌కి అని చెప్పి పట్టించుకుంటే చాలు. గింజలు కొని ఇంట్లో మిక్సీలో వేసుకునేవాళ్లు, గ్రైండర్‌కి ఏడెనిమిది వేలు పెట్టలేనివాళ్లు, వాళ్లకి ఇది బంగారం. మూడు వేలు కూడా ఎందుకనుకుంటే 600 మైక్రాన్లది ఒక్కటి, పాన్ ఒకటి కొనుక్కోండి. మిక్సీని తక్కువసేపు తిప్పి, జల్లించి, పైన నిలిచిన ముక్కల్ని మాత్రమే మళ్లీ తిప్పుతూ పోండి. అన్నిటినీ కలిపి ఎక్కువసేపు తిప్పడం వల్లనే కదా పిండి పుట్టేది, ఇలా చేస్తే పిండి పుట్టడమే తగ్గుతుంది. ఇంట్లో ఉన్న పిండి జల్లెడతో చేయొచ్చా అని మా ఆఫీసులో ఒకతను అడిగాడు. దాని కన్నాలు పెద్దవి, దాంతో ముక్కలు వేరవుతాయి గానీ పిండి వేరవదు. అదైనా అసలు జల్లించకపోవడం కన్నా నయమే.

జల్లెడలో నాకు నచ్చినవి ఏంటంటే, జాలీ బిగువు నాలుగు నెలలకీ అలాగే ఉంది, చేత్తో తడితే డప్పులా మోగుతుంది, అంచుల దగ్గర ఎక్కడా సందు రాలేదు. ఒకదాని మీద ఒకటి గట్టిగా కూర్చుంటాయి, మూత ఉంటుంది కాబట్టి ఊపుతుంటే వాసన గాలికి పోదు, వంటగట్టంతా పొడి రాలదు. నచ్చనిది సైజు. నేను కొన్నది 200 మిల్లీమీటర్లది, రెండు జల్లెడలూ పాన్ మూత పేరిస్తే చిన్న కుక్కరంత చోటు కావాలి, మా వంటింట్లో దానికి చోటు వెతకడం కష్టమైంది. ఇంతకన్నా చిన్నవి కూడా వస్తాయి, రోజుకి ముగ్గురికి చేసుకునేవాళ్లకి 100 మిల్లీమీటర్లది చాలు, కాకపోతే దాంట్లో కొంచెం కొంచెం వేసి ఎక్కువసేపు ఊపాలి. ఇంకొకటి చప్పుడు. పొద్దున్నే గట్టు మీద తడితే పిల్లలు లేచిపోతున్నారని ఇప్పుడు కింద మడతపెట్టిన తువ్వాలు వేసి, చేతి మడమతో చట్రాన్ని పక్కనుంచి తడుతున్నాను. నిజానికి అలా తట్టడమే మంచిది కూడా, ఊపడం కన్నా పొడి తొందరగా దిగుతుంది.

పొడి దిగడం లేదని వేళ్లతో జాలీ మీద రుద్దకండి. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మేం మొదట చెప్పేది ఇదే. 212 మైక్రాన్ల జాలీ తీగ వెంట్రుకలా సన్నగా ఉంటుంది, వేలితో నొక్కితే కన్నాలు సాగుతాయి, ఒకసారి సాగితే ఇక దాని సైజు దానికి ఉండదు. మెత్తటి కుంచెతో కింద వైపు నుంచి దులిపితే చాలు. రోజూ కడగక్కర్లేదు, తడి మిగిలితే మర్నాడు పొడి అంటుకుని కన్నాలు మూసుకుపోతాయి. కానీ కాఫీలో నూనె ఉంటుంది, అది జాలీకి పట్టి కొన్నాళ్లకి పాత వాసన వేస్తుంది కాబట్టి నేను నెలకి రెండుసార్లు వేడినీళ్లతో కడిగి బాగా ఎండబెడుతున్నాను. మబ్బుగా, చెమ్మగా ఉన్న రోజుల్లో పొడి ఉండలు కట్టి తొందరగా దిగదు, ఇంకో రెండు నిమిషాలు తట్టాలి. ఎండాకాలంలో దానికి తలకిందులు, గాలి బాగా పొడిగా ఉండి స్టాటిక్ వల్ల, అంటే రాపిడితో పుట్టే విద్యుత్తు వల్ల, పొడి ఎగిరి మూతకీ గోడలకీ అతుక్కుపోతుంది. అప్పుడు గింజలు మిక్సీలో వేసే ముందు తడి చెంచాతో ఒకసారి కలిపితే చాలావరకు తగ్గింది. ఆరెగాన్ యూనివర్సిటీ వాళ్లు 2023లో వెలువరించిన పరిశోధనలో కూడా పొడి చేసే ముందు గింజలకి కాస్త తడి తగిలిస్తే స్టాటిక్ తగ్గుతుందనే తేల్చారు. తడి అంటే చుక్కా రెండు చుక్కలే, నీళ్లు పోయడం కాదు.

జల్లించిన పొడిని వారానికి సరిపడా ఒకేసారి చేసి పెట్టుకుందామని అనిపిస్తుంది, నాకూ అనిపించి చేశాను. మూడో రోజుకే వాసన తగ్గిపోయింది. ఆదివారం వరకు ఆగినా గింజ గింజలాగే బాగుంటుంది గానీ పొడి అయ్యాక ఆగదు. ఇప్పుడు ఏ రోజుకి ఆ రోజే. గింజలు తూచడం, మిక్సీ, జల్లెడ, మళ్లీ మిక్సీ, మళ్లీ జల్లెడ, అన్నీ కలిపి ఎనిమిది నిమిషాల పని. ఆఫీసు హడావిడి ఉన్నవాళ్లకి ఇది తక్కువేం కాదు, ముందే చెబుతున్నాను. ఇంతకుముందు జామ్ అయిన ఫిల్టర్ ముందు నిలబడి టెన్షన్ పడే టైము దీనికన్నా ఎక్కువే కాబట్టి నాకు బరువనిపించడం లేదు.

ఇక పక్కన మిగిలే పిండి. రోజుకి మూడు నాలుగు గ్రాముల చొప్పున ఒక గాజు సీసాలో వేసి ఫ్రీజర్లో పెడుతున్నాను. మొదట్లో మొక్కలకి వేసేవాణ్ని. అమ్మ చూసి ఒప్పుకోలేదు. "మా అత్తగారికి ఫిల్టర్ ఎక్కడిదిరా, గిన్నెలో నీళ్లు మరగ్గానే దించి, అందులో మెత్తటి పొడి వేసి మూతపెట్టి, కాసేపాగి పలచటి గుడ్డలో వడకట్టేవారు. మెత్తగా ఉంటేనే బాగా దిగేది" అంది. ఆ వారమే పాత మల్లు గుడ్డ ముక్క ఒకటి ఉడికించి ఆరేసి, తనే చేసి చూపించింది. రెండు చెంచాల పిండి, ఒక గ్లాసు మరిగిన నీళ్లు, మూత పెట్టి మూడు నిమిషాలు, గుడ్డలో వడకట్టడం. గంటల తరబడి నీళ్లలో నానదు కాబట్టి చేదు ఎక్కలేదు, గుడ్డ సన్నం కాబట్టి మడ్డి దిగలేదు. ఫిల్టర్ డికాక్షనంత చిక్కన కాదు గానీ సాయంత్రం నాలుగింటికి తాగడానికి చాలా హాయిగా ఉంది. ఇప్పుడు పొద్దుటి ఫిల్టర్ నాది, సాయంత్రం గుడ్డ కాఫీ అమ్మది. సీసాలో పిండి వారం తిరిగేసరికి అయిపోతోంది.